తోరణం కట్టని ఇంటి హక్కు

శ్రీరామనవమి కల్యాణం, మరునాటి పట్టాభిషేకం దగ్గర పడుతుండగా మా వీధి ఉత్సవ కమిటీ కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన అన్న మాట నన్ను ఇంకా వదలడం లేదు. “పట్టాభిషేకమంటే వాడకట్టు మొత్తం వెలగాలె. ఒక్క ఇల్లు చీకటిగున్నా అందరికీ పరువు తక్కువే” అన్నారాయన. ఆయన దురుసు మనిషి కాదు. పందిరి గుంజలు పాతే రోజు నుంచి చివరి బండి చెత్త ఎత్తేదాకా వీధిలో నిలబడి పని చూసుకునే మనిషి. ఆ మాట కూడా కోపంతో వచ్చింది కాదు, పండుగ మీది ప్రేమతో వచ్చింది. అయినా దానితో నేను ఏకీభవించలేను. పట్టాభిషేకానికి ఒక ఊరు ముస్తాబు కావడంలో ఉన్న విలువ అంతా, ముస్తాబు కాకుండా ఉండగలిగే వీలు ప్రతి ఇంటికీ ఉండటం మీదనే నిలుస్తుందని నా అభిప్రాయం. ఇది నల్లగొండలో రామగిరి దగ్గర ఒక చిన్న వీధి గొడవ లాగా కనిపించవచ్చు కాని, రాజులకు పట్టం కట్టిన ప్రతిచోటా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వచ్చింది.

అయోధ్యలో ఆ తెల్లవారుజాము

మనం ఏటా చేసుకునే వేడుకకు మూలం వాల్మీకి రామాయణంలో ఉంది కాబట్టి ముందు అక్కడికే వెళతాను. రాముడి పట్టాభిషేకం కోసం అయోధ్య రెండుసార్లు ముస్తాబైంది. మొదటిసారి దశరథుడు తన నిర్ణయం ప్రకటించాక వశిష్ఠుడు ఏర్పాట్లకు ఆజ్ఞలిస్తాడు. జెండాలు కట్టాలి, రాజమార్గం తడపాలి, నగర ద్వారాలకు మాలలు వేయాలి. అంతవరకు అది కొలువు పని. మరునాటి తెల్లవారుజామున జరిగినదాన్ని మాత్రం కవి వేరుగా చెబుతాడు. పౌరులు తామే లేచి గుళ్ల మీద, నాలుగు దారులు కలిసే చోట్ల, కోట బురుజుల మీద, వర్తకుల అంగళ్ల మీద, సంసారుల ఇళ్ల మీద జెండాలెత్తారు. కార్యక్రమం ముగిసేసరికి చీకటి పడుతుందేమోనన్న ఆలోచనతో ప్రతి వీధిలోనూ చెట్ల ఆకారంలో దీపాల కంబాలు నిలబెట్టారు. ఇళ్ల ముందు గుంపులుగా ఆడుకునే పిల్లలు కూడా పట్టాభిషేకం ముచ్చటే చెప్పుకున్నారు. ఆ దీపాల వివరం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పొద్దు గూకితే ఎట్లా అని ముందే ఆలోచించి పెట్టుకున్నవాడు ఆజ్ఞ నెరవేర్చి చేతులు దులుపుకునేవాడు కాడు, ఆ పని తనదనుకున్నవాడు.

రెండవసారి యుద్ధకాండ చివర. భరతుడు చెప్పగా శత్రుఘ్నుడు వేల మంది పనివాళ్లను పెట్టి నందిగ్రామం దారిని చదును చేయిస్తాడు, చల్లని నీళ్లు చల్లిస్తాడు. రాముడు నగరంలో అడుగుపెట్టే వేళకు పౌరులు ఇంటింటా జెండాలెత్తారు. అంటే రెండుచోట్లా పైవారి ఆజ్ఞ ఉంది, రెండుచోట్లా జనం సొంత ఉత్సాహమూ ఉంది. కాబట్టి అయోధ్యలో అంతా స్వచ్ఛందమేనని నేను వాదించను. దారి చదును చేసిన ఆ వేల మందికి కూలి ముట్టిందో లేదో కవి చెప్పలేదు. నాకు ఆ సంగతి కూడా అడగదగినదిగానే తోస్తుంది.

ఇక మంథర సంగతి. పట్టాభిషేకం వార్త ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేడ ఎక్కి, తడిపిన దారులూ చల్లిన పూలూ ఎగిరే జెండాలూ చూసి, ఏమిటీ సంబరమని పక్కనున్న దాదిని అడిగి తెలుసుకుంది. ఊరంతా ఒకే సంతోషంలో మునిగి ఉన్నప్పుడు ఆ సంతోషం పంచుకోలేని మనిషి కూడా అదే ఊళ్లో ఉంటుందని వాల్మీకి దాచలేదు. మా పెద్దాయన ఈ ఘట్టాన్నే నా మీదికి తిప్పారు. “చూసినవా సారూ, సంతోషపడని మనిషి ఒక్కతె ఉంటె ఎంత పనైందో!” ఆ వాదన తేలికది కాదు. అయితే ఆ రోజు కైక మందిరం ఎంత శోభగా ఉందో కూడా కవి వర్ణించాడు. చిలుకలు, నెమళ్లు, పూల తీగలు, బొమ్మలు వేసిన గదులు. రాముడికి రాజ్యం తప్పింది ఆ శోభ నడుమనే. గుమ్మానికి పూలు ఉన్నంత మాత్రాన లోపల సమ్మతి ఉన్నట్టు కాదు. ఇంటి ముందరి దీపాన్ని చూసి ఇంటివాళ్ల మనసు లెక్కగట్టే పద్ధతి అయోధ్యలోనే పనికిరాలేదు, మన వీధిలో ఎట్లా పనికివస్తుంది?

రాజు రాని పండుగ

ముస్తాబంతా సిద్ధమై పట్టాభిషేకం ఆగిపోవడం ఒక్క అయోధ్యకే జరగలేదు. ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం 1902 జూన్ 26న జరగాల్సి ఉండగా, సరిగ్గా రెండు రోజుల ముందు ఆయన కడుపుకు శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. ఉత్సవం ఆగస్టు 9కి వాయిదా పడింది. అప్పటికే ఊరేగింపు వెళ్లే దారిలోని ఇళ్ల కిటికీలు కూడా అద్దెకు పోయాయి. న్యాయశాస్త్రం చదివినవాళ్లందరికీ క్రెల్, హెన్రీల దావా తెలిసే ఉంటుంది. ఊరేగింపు చూడటానికి రెండు పగళ్లకు 75 పౌండ్ల అద్దెకు గదులు మాట్లాడుకుని 25 పౌండ్లు ముందుగా ఇచ్చిన హెన్రీ, మిగిలిన 50 ఇవ్వనక్కరలేదని 1903లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఊరేగింపే ఆ ఒప్పందానికి పునాది, పునాదే పోయాక ఒప్పందం నిలవదన్నది దాని సారం.

కిటికీ అద్దె విషయంలో ఆ తీర్పు న్యాయమే. కాని ఊళ్లు ఆ విధంగా ఆలోచించలేదు. లండన్‌కు దగ్గరలోని వాట్‌ఫర్డ్ పట్టణంలో వేడుకలు వాయిదా వేశారని తెలిసి జనం అల్లర్లకు దిగారు, దుకాణాల అద్దాలు పగలగొట్టారు. ఆ అల్లరిని నేను సమర్థించడం లేదు. అయితే అందులో ఒక నిజం కనిపిస్తుంది. నెలల తరబడి ఎదురుచూసి సిద్ధం చేసుకున్న పండుగ అప్పటికే రాజు చేతిలోంచి జారి ఊరి చేతికి వచ్చేసింది. రాజు జబ్బుతో మంచం మీద ఉన్నా ఊరికి తన పండుగ కావాలి. మరో సంగతి నాకు ఇంతకంటే ముఖ్యంగా తోస్తుంది. పట్టాభిషేకం సందర్భంగా లండన్ పేదలకు పెట్టదలచిన విందును మాత్రం వాయిదా వేయలేదు. జులై 5న నగరం నలుమూలలా దాదాపు అయిదు లక్షల మంది భోజనం చేశారు. పట్టం కట్టలేదు, కిరీటం పెట్టలేదు, అన్నం మాత్రం పెట్టారు. ఆ ఏడాది లండన్‌లో కట్టిన జెండాలన్నిటికంటే నాకు ఈ ఒక్క వివరం ఎక్కువ గౌరవం కలిగిస్తుంది.

ఆ దేశంలో వీధి విందుల ఆచారం పెద్ద పాతది కూడా కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో శాంతి పండుగకు పిల్లల కోసం వీధుల్లో బల్లలు వేసి తేనీటి విందులు పెట్టడంతో మొదలైంది. రేషన్ ఇంకా నడుస్తున్న 1953లో, రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకానికి మనిషికి ఒక పౌను చక్కెర అదనంగా ఇచ్చారు. ఇళ్లల్లో చేసిన తీపి వంటకాలన్నీ ఒకే బల్ల మీదికి చేరాయి.

గడి ముందరి మామిడాకులు

ఇప్పుడు మన నేలకు వస్తాను. మన తాతల కాలంలో ఈ ప్రాంతానికి రాజులు తక్కువేమీ కాదు. పైన నిజాం, పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానాలు, మా నల్లగొండ పల్లెల్లో పేరుకు రాజులు కాకపోయినా అంతకు మించిన అధికారం చెలాయించిన దేశ్‌ముఖులు, దొరలు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కారు. ఇరవై అయిదేళ్ల ఉత్సవం 1936లో జరగాలి. ఆ ఏడాది జనవరిలో ఇంగ్లండు రాజు అయిదవ జార్జి చనిపోవడంతో 1937కు మారింది. సముద్రాల అవతల ఒక రాజు పోతే ఇక్కడి పండుగ ఆగింది. ఎప్పుడు పండుగ చేసుకోవాలన్నది జనం చేతిలో లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

పైన జరిగే ఉత్సవాల బరువు కింద ఎవరి భుజాల మీద పడేదో మన జిల్లాలకు చెప్పనవసరం లేదు. అధికారి ఊళ్లోకి వస్తే కుండలు కుమ్మరి ఉచితంగా ఇవ్వాలి, బట్టలు చాకలి ఉచితంగా ఉతకాలి, బండ్లు రైతు ఉచితంగా కట్టాలి. దొర ఇంట్లో పెండ్లయినా పుట్టుక అయినా ఊరంతా కానుకలు మోయాలి. మాడపాటి హనుమంతరావు వెట్టిచాకిరీ మీద చిన్న పుస్తకం రాసి పంచడం, 1931లో మా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరగడం, 1941 చిలుకూరు సభ, ఆ తరువాతి సాయుధ పోరాటం, ఇవన్నీ ఇక్కడి చదువరులకు తెలిసిన చరిత్రే. నేను చెప్పదలచింది ఒక్కటే. గడి, అంటే దొర ఉండే కోట లాంటి ఇల్లు, దాని ముందు కట్టిన మామిడి తోరణాలు కూడా చూడటానికి అందంగానే ఉండేవి. అలుకు చల్లి ముగ్గులు పెట్టిన వాకిలి ఎవరి భయంతో ఊడ్చినా శుభ్రంగానే కనిపిస్తుంది. కేవలం అందాన్ని చూసి ఒక ఊరు సంతోషంగా ఉందని చెప్పడానికి వీల్లేదన్న పాఠం మనకు ఇంగ్లండు నుంచి రానక్కరలేదు.

మా వీధి చివర ఒకాయన ఉన్నారు. వయసులో పెద్ద, నేను కాక అని పిలుస్తాను. కమిటీ పిల్లలు సీరియల్ లైట్లు కట్టడానికి వెళితే ఆయన వద్దన్నారు. తోరణం కూడా వద్దన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. దాంతో మాట పెరిగింది, ఆయనకు భక్తి లేదన్నారు, పిసినారి అన్నారు. తరువాత ఒకనాడు నేను అడగకుండానే ఆయన నాతో అన్నారు: “మా తాత గడి ముంగట తోరణాలు కట్టేటోడు బిడ్డా. దొర బిడ్డ పెండ్లయితే పని ఒడిసేదాంక ఇంటికి రానిచ్చేటోళ్లు కాదట. పైస లేదు, తిండి లేదు. ఒకలు చెప్తె మన ఇంటికి తోరణం కట్టొద్దని మా బాపు అంటుండె. నా దర్వాజకు ఉగాదినాడు నేనే కట్టుకుంట. దేవుని మీద నాకేం లేదు.” నిజంగానే ఏమీ లేదు. పట్టాభిషేకం రోజు మధ్యాహ్నం భోజనాల్లో అందరికంటే ఎక్కువసేపు గరిటె పట్టుకుని నిలబడింది ఆయనే. ఆ పిల్లలకు ఈ కథ ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ ఆయనకు లేదు.

కారణం అడగడం

ఇక్కడే నా వాదన అసలు పదును ఉంది. అదే వీధిలో ఇంకో ఇంటికి కూడా దీపాలు లేవు. ఆ ఇంట్లో ఇంటిపెద్ద పోయి ఇంకా ఏడాది తిరగలేదు. సంవత్సరీకం కాని ఇంట్లో పండుగ చేయరని అందరికీ తెలుసు కాబట్టి కమిటీ వాళ్లు గుమ్మం దాకా వెళ్లి, పలకరించి, దీపాల తీగను ఎదురింటి మీదుగా తిప్పుకున్నారు. ఎంతో మర్యాదగా జరిగిన పని అది. మరి అదే మర్యాద కాక ఇంటికి ఎందుకు దక్కలేదు? ఒక ఇంటి కారణం కంటికి కనిపించింది, రెండో ఇంటిది కనిపించలేదు. కారణం చూపిస్తే వదిలేస్తాం, చూపించకపోతే వదలం అన్నప్పుడు మనం అడిగేది తోరణం కాదు, సంజాయిషీ. సంజాయిషీ అడిగేచోట స్వచ్ఛందమన్నది మిగలదు.

మా వీధికి లైట్లు కట్టే ఆయన ముస్లిం. మిలాదున్నబీకి, నవమికి, వినాయక చవితికి, పెండ్లిళ్లకు అన్నిటికీ ఆయనే కడతారు. ప్రతి గేటు ముందు ఆగి “అమ్మా, మీ గ్రిల్లుకు కట్టమంటారా?” అని అడుగుతారు. వద్దంటే మారుమాట లేకుండా ముందుకు సాగుతారు. ఈ అడగడం ఎందుకని కమిటీ పిల్లవాడొకడు విసుక్కుంటే, “అడిగితె ఏం పోయింది అన్నా, ఇల్లు ఆళ్లది” అన్నారు. ఆ మాట మీద నాకు చాలా గౌరవం. కమిటీ మొత్తం ఆయన పద్ధతి నేర్చుకుంటే చాలునని నాకనిపిస్తుంది.

దీనికి విరుద్ధంగా చెప్పగలిగినవి చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని నన్ను నిజంగానే ఇబ్బంది పెడతాయి. ఒత్తిడి లేకుండా ఉమ్మడి పని ఏదీ సాగదంటారు. చందా పుస్తకం పట్టుకుని పదిమంది కలిసి వెళ్లకపోతే సగం మంది రేపు రమ్మంటారు, ఎల్లుండి మరచిపోతారు, చివరికి భారం నలుగురి మీద పడుతుంది. ఇది నిజం. చందా వసూలుకు తిరిగినవాడిగా నాకు ఆ అలసట తెలుసు. కాని మంచినీళ్లకో మోరీ బాగుకో డబ్బు అడగడం వేరు, సంతోషం అడగడం వేరు. మొదటిదానిలో నా వాటా ఎగవేస్తే పక్కింటికి నష్టం. రెండోదానిలో నా ఇంటికి తోరణం లేకపోతే పక్కింటి తోరణం వాడిపోదు.

వరస తెగకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వెలిగితే వచ్చే అందం వేరని అంటారు. దాన్ని నేను కాదనలేను. గుడి మెట్ల మీద నిలబడి అలా వెలిగిన వీధిని చూసినప్పుడు నాకు కలిగే సంతోషం చిన్నది కాదు. అయినా నడుమ ఒకటి రెండు ఖాళీలున్న వరసను చూసినప్పుడు మిగతా ఇళ్లన్నీ కోరి వెలిగించినవేనని నమ్మకం కలుగుతుంది. ఒక్క ఖాళీ కూడా లేని వరసలో ఆ నమ్మకానికి ఆధారం ఉండదు.

దేవుడి పట్టాభిషేకాన్ని ఇంగ్లండు రాజుతోనో దొరతోనో పోల్చడం అపచారమని మా పెద్దాయనే అన్నారు. ఆయన బాధను నేను అర్థం చేసుకోగలను. పోలిక దేవుడికీ దొరకూ కాదు, దేవుడి పేరు మీద మనం అనుసరించే పద్ధతికీ దొర పద్ధతికీ. దేవుడిదే అయినప్పుడు ఆ పద్ధతి ఇంకెంత మెత్తగా ఉండాలి?

రెండు పట్టాభిషేకాల ఏడాది

2023లో మార్చి 31న భద్రాచలంలో పన్నెండేళ్లకోసారి జరిగే పుష్కర పట్టాభిషేకం జరిగింది. మే 6న లండన్‌లో మూడవ చార్లెస్‌కు కిరీటం పెట్టారు. ఇంగ్లండులో ఉంటున్న మా మేనల్లుడు వాళ్ల వీధి సంగతి ఫోనులో చెప్పాడు. విందు కోసం వీధి మూయడానికి మున్సిపాలిటీకి అర్జీ పెట్టే ముందు, పక్కింటావిడ ప్రతి ఇంటికీ ఒక కాగితం వేసి, అభ్యంతరం ఉంటే చెప్పమని అడిగిందట. రాజరికమే అక్కరలేదనే ఒక ముసలాయన తన ఇంటికి జెండాల తోరణం కట్టనివ్వలేదు. విందుకు మాత్రం తన ఇంట్లోని కుర్చీలు బయటికి తెచ్చి వేశాడు. మా కాక గురించి వాడికి చెబితే, “మామా, ఈయన కూడా అట్లనే” అన్నాడు.

అక్కడ అన్నీ ఇంత సాఫీగా లేవు. రాజుకు విధేయత ప్రకటిస్తూ ప్రజలంతా ఇళ్లల్లోంచి పైకి ప్రమాణం చెప్పాలని ముందు పిలుపునిచ్చారు. విమర్శలు రావడంతో, ఇష్టమైనవాళ్లు మాత్రమే, కావాలంటే మౌనంగా, పాల్గొనవచ్చని ఆ మాటను సడలించారు. అదే రోజు లండన్ వీధుల్లో నిరసన తెలపబోయిన రాజరిక వ్యతిరేకులను పోలీసులు ఊరేగింపు మొదలుకాకముందే అరెస్టు చేశారు. తరువాత ఆ పోలీసులే వాళ్లలో ఆరుగురి మీద కేసు పెట్టబోమని చెప్పి, వాళ్లు నిరసనలో పాల్గొనలేకపోయినందుకు విచారం వ్యక్తం చేశారు. ఒక మేనల్లుడి వీధిలో దొరికిన మర్యాద ఆ దేశ రాజధానిలో దొరకలేదు. కాబట్టి వాళ్ల నుంచి నేర్చుకోండి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. ప్రమాణం మాటను సడలించినప్పుడు పట్టాభిషేకానికి లోటేమీ రాలేదన్నది మాత్రం గమనించదగినది. మౌనంగా ఉండవచ్చని చెప్పాక పైకి పలికినవాళ్ల మాటకు బరువు పెరిగింది.

వచ్చే నవమికి నేను కమిటీ ముందు పెట్టిన కోరికలు పెద్దవేమీ కావు. తోరణాలకూ లైట్లకూ ముందు ఇంటింటా అడగాలి, వద్దన్నవాళ్లను ఎందుకని అడగకూడదు. చందాల మొత్తాలు మైకులో చదవకూడదు, ఇవ్వనివారి పేర్లు ఏ కాగితం మీదా ఉండకూడదు. చందా పుస్తకంలో సున్నా రాసిన ఇంటికి కూడా పానకం, వడపప్పు, అక్షింతలు అందరితో పాటే వెళ్లాలి. మొదటి కోరికకు పెద్దాయన అడ్డుచెప్పారు. “అట్ల అడుగుకుంట పోతే సగం ఇండ్లు వద్దంటయి సారూ” అన్నారు. అనవచ్చు. అదే జరిగితే ఆ ఏడాదికి సగం వీధికే లైట్లు కట్టిద్దామని, మిగిలిన డబ్బుతో మధ్యాహ్నం భోజనాలకు ఇంకా కొన్ని బస్తాల బియ్యం తెచ్చి పక్క గల్లీలను కూడా పిలుద్దామని నేనన్నాను. బియ్యం మాట ఆయనకు నచ్చింది. లైట్ల మాట మీద ఇంకా ఒప్పుకోలేదు.